తేలిక బ్యాటరీ పెట్టే ముందు ఈ లెక్కలు చూడండి

సంపాదకులకు నమస్కారం.

నిలబడిన చోటి నుంచి తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ పోటీలకు కార్లు సిద్ధం చేసుకుంటున్న కుర్రాళ్ల గురించి మీ జిల్లా పేజీల్లో ఈమధ్య వచ్చిన కథనం చదివాం. బరువు తగ్గించే మార్గాలు చెబుతూ ‘చిన్న లిథియం బ్యాటరీ పెట్టుకోవడం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. భీమవరం, పాలకొల్లు, రావులపాలెం వైపు ఆటో ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లం మేం. ఆ ఒక్క ముక్క చదివి బజారుకెళ్లిన కుర్రాడు ఏం అడగాలో, ఏం కొనకూడదో ఎవరూ చెప్పడం లేదు. తెలియక కొంటే పోయేది డబ్బు ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాళ్లం కాదు. కారు కాలిపోయే తప్పు కూడా ఇందులో ఒకటుంది. కాబట్టి కొంచెం చోటివ్వండి.

లాభం లేదని మేం అనడం లేదు. ఉంది, కానీ ఎంతో లెక్క కట్టాలి. డ్రాగ్ పరుగు మామూలుగా పావు మైలు, అంటే 402 మీటర్లు. ఆ దూరానికి పట్టే సమయం బరువును గుర్రపుశక్తితో భాగిస్తే వచ్చే అంకె ఘనమూలాన్ని బట్టి మారుతుందని అమెరికా పోటీల్లో ఎప్పటినుంచో వాడే లెక్క. తేలిక మాటల్లో, డ్రైవరుతో కలిపి కారు బరువు ఒక శాతం తగ్గితే సమయం శాతంలో మూడో వంతు తగ్గుతుంది. డ్రైవరుతో 1000 కిలోలు తూగే 100 గుర్రపుశక్తి హ్యాచ్‌బ్యాక్ ఆ దూరాన్ని 16 సెకన్ల పైచిలుకులో దాటుతుంది. 10 కిలోలు తీసేస్తే సుమారు 0.05 సెకను కలిసొస్తుంది. గీత దాటేటప్పుడు బండి గంటకు 130 కిలోమీటర్ల మీద ఉంటుంది కాబట్టి అది రెండు మీటర్ల దూరం. పక్క లేనులో సమానమైన బండి ఉంటే రెండు మీటర్లు గెలుపే.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. చిన్న పెట్రోలు కారులో వచ్చే 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు నిలవుంటుందో చెప్పే కొలత) యాసిడ్ బ్యాటరీ 9 నుంచి 10 కిలోలు తూగుతుంది. డీజిలు కార్లలో పెట్టే 60, 65 ఏహెచ్‌ది 15 నుంచి 17 కిలోలు. యాసిడ్‌ను గాజు పీచులో పీల్చి ఉంచే ఏజీఎం రకంలో పోటీ కార్లకని వచ్చే 16 ఏహెచ్ బ్యాటరీ 7 కిలోల దగ్గర ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో నిజమైన 10 ఏహెచ్ ప్యాకు డబ్బాతో సహా రెండు, రెండున్నర కిలోలు. అంటే పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌లో లిథియంతో మిగిలేది ఏడెనిమిది కిలోలు. ఏజీఎంతో రెండు మూడు కిలోలే, ఆ మాత్రం దానికి ఏజీఎం కొనడం దండగని మా అభిప్రాయం.

దీనికి డబ్బు పెట్టేముందు ఊరికే తగ్గేవి చూడండి. స్టెప్నీ, జాకీ, పానాలు కలిపితే 12 నుంచి 15 కిలోలు. వెనక సీటు దాదాపు అంతే. లీటరు పెట్రోలు 740 గ్రాముల చుట్టూ ఉంటుంది. ట్యాంకులో 30 లీటర్లతో పరిగెత్తే బండి 10 లీటర్లతో పరిగెడితే 15 కిలోలు తగ్గినట్టే, ఖర్చు సున్నా. అయితే 10 లీటర్ల కంటే కిందికి దించకండి. బండి ఎగిరి దూకినప్పుడు పెట్రోలు ట్యాంకులో వెనక్కి పోయి పంపు గాలి పీల్చుకుంటుంది. ఇవన్నీ అయ్యాక బ్యాటరీ వంతు.

బ్యాటరీ ఎంత ఉండాలో స్టిక్కరు చూసి తేల్చకూడదు, బండి ఎంత తాగుతోందో కొలిచి తేల్చాలి. డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు మంచి ఆటో ఎలక్ట్రీషియను దగ్గర ఉంటుంది. ఇంజను స్టార్టు కాకుండా ఇంజెక్టర్ల ఫ్యూజు తీసి, మీటరును సెల్ఫ్ వైరుకు తగిలించి మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనుకు తిరిగేటప్పుడు 100 నుంచి 150 ఆంపియర్లు పడుతుంది, కదిలే మొదటి క్షణంలో దానికి రెండు మూడింతలు. ఆ సమయంలో బ్యాటరీ కొనల దగ్గర వోల్టేజీ 9.6 కంటే బాగా దిగితే ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) ఆగి మళ్లీ మొదలవ్వచ్చు. బండి తిరుగుతూ తిరుగుతూ స్టార్టు కాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం, పాపం ప్లగ్గులు మార్చుకుంటూ కూర్చుంటారు.

తర్వాత, ఇంజను నడిచేటప్పుడు పట్టేది. పెట్రోలు పంపు 8 ఆంపియర్లు, కాయిళ్లు 6, ఇంజెక్టర్లు 3, ఈసీయూ, సెన్సార్లు రెండు, రేడియేటరు ఫ్యాను 10 నుంచి 12. మొత్తం 30 అనుకోండి. డైనమో ఉన్న బండికి ఈ భారం డైనమోయే మోస్తుంది, బ్యాటరీ స్టార్టింగుకే. కానీ బరువు కోసం డైనమో కూడా పీకేసేవాళ్లు ఉన్నారు. నాలుగైదు కిలోలు, బెల్టు మీద కాస్త లాగుడు తగ్గుతాయి కనుక పోటీకి మాత్రమే వాడే బండిలో అది తప్పు కాదు. అప్పుడు లెక్క మారిపోతుంది. టైర్లు వేడి చేసుకోవడం, లైట్ల దగ్గర నిలబడటం, పరుగు, తిరిగి రావడం అన్నీ కలిపి 8 నిమిషాలు ఇంజను నడిస్తే 30 ఆంపియర్ల చొప్పున 4 ఏహెచ్ ఖర్చవుతుంది. మధ్యలో చార్జి పెట్టకుండా మూడు పరుగులకు 12. ప్యాకును ఎప్పుడూ మూడొంతుల కంటే ఎక్కువ పిండకూడదు కాబట్టి కనీసం నిజమైన 16 ఏహెచ్ కావాలి, కాస్త వెసులుబాటుకు 20 పెట్టుకోండి, అది మూడు నుంచి నాలుగు కిలోలు వస్తుంది. డైనమో తీసి 4 ఏహెచ్ ప్యాకు పెట్టినవాడి బండి మొదటి పరుగు పూర్తయ్యేలోపే నీరసపడుతుంది. ఇంకో మాట, చాలా ఇంజన్లలో నీళ్ల పంపు అదే బెల్టు మీద తిరుగుతుంది. డైనమో తీసేటప్పుడు బెల్టు పొడవు, దారి చూసుకోకపోతే ఇంజను వేడెక్కి గ్యాస్కెట్ పోతుంది.

నీరసపడటం అంటే ఆగిపోవడం ఒక్కటే కాదు. అసలు నష్టం కనిపించకుండా జరుగుతుంది. యాసిడ్ బ్యాటరీ డైనమో లేకుండా 30 ఆంపియర్లు ఇస్తూ 12 వోల్టులకు, ఆ కిందికి జారుతుంది. వోల్టేజీ తగ్గినప్పుడు ఇంజెక్టరు తెరుచుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, పెట్రోలు పంపు తక్కువ తోస్తుంది, కాయిలు నిండటానికి ఎక్కువ సేపు కావాలి. ఈసీయూలో వోల్టేజీకి తగ్గ సవరణ పట్టిక సరిగ్గా లేకపోతే పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది. పై గేర్లలో పూర్తి లోడు మీద మిశ్రమం పలచబడితే నాకింగు (సిలిండరులో మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తుంది, పిస్టను అంచు విరుగుతుంది. రెండు మీటర్ల కోసం పిస్టను పోగొట్టుకున్నట్టు. ఈ ఒక్క విషయంలో మంచి ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకు యాసిడ్ కంటే మేలు. లోడులో కూడా 12.8, 13 వోల్టుల దగ్గర నిలబడి ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆ నిలకడే దాని చిక్కు కూడా. యాసిడ్ బ్యాటరీకి 12.6 అంటే నిండుగా, 12.2 అంటే సగం అని మీటరు పెట్టి చెప్పొచ్చు. ఐరన్ ఫాస్ఫేట్‌కు అలా కుదరదు, సగం ఉన్నా పావు ఉన్నా మీటరులో తేడా చాలా స్వల్పం. అందుకే డైనమో లేని బండిలో పరుగుకూ పరుగుకూ మధ్య చార్జరు తప్పనిసరి.

ఇక స్టిక్కరు. తేలిక లిథియం బ్యాటరీల మీద ‘12 ఏహెచ్’, ‘18 ఏహెచ్’ అని పెద్ద అక్షరాలతో ఉండి, పక్కన కనిపించీ కనిపించని అక్షరాల్లో ‘యాసిడ్‌తో సమానం’ అనే అర్థంలో ఏదో ఉంటుంది. ఆ బ్యాటరీ సెల్ఫ్ తిప్పడంలో 12 ఏహెచ్ యాసిడ్ బ్యాటరీకి సాటి అని వాళ్ల ఉద్దేశం. లోపల నిజంగా ఉండేది దాదాపు మూడో వంతు, 4 ఏహెచ్. దాన్నుంచి 150 ఆంపియర్లు లాగడమంటే దాని సత్తువకు 37 రెట్లు లాగడం. మంచి సెల్‌లు కొన్ని సెకన్లు తట్టుకుంటాయి, నాసివి ఉబ్బుతాయి. ఇంట్లో నిలిపి ఉంచిన కారులో కూడా ఈసీయూ, అలారం కలిపి 30 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతూనే ఉంటాయి. 50 చొప్పున 4 ఏహెచ్ ప్యాకు మూడు రోజుల పైచిలుకులో ఖాళీ. సెల్ ఒక్కోటి 2.5 వోల్టుల కిందికి పోయిందంటే ఆ ప్యాకు మళ్లీ మామూలు స్థితికి రాకపోవచ్చు. అందుకే ఇలాంటి ప్యాకు పెట్టినవాళ్లు బండి ఆపగానే నెగెటివ్ వైరు విడదీయాలి.

స్టిక్కరు నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ప్యాకు నిండా చార్జి చేసి, ఆరుబయట రేకు మీద 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఒక్కటి తగిలించండి. బల్బు బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్కుకూ గుడ్డకూ దూరంగా పెట్టండి. అది సుమారు 4.7 ఆంపియర్లు లాగుతుంది. మీటరు కొనల దగ్గరే పెట్టి 12 వోల్టులకు దిగగానే తీసేయండి. నిజమైన 10 ఏహెచ్ ప్యాకు రెండు గంటలు దాటి వెలిగిస్తుంది. 50 నిమిషాల్లో దిగిపోయిందంటే లోపల ఉన్నది 4 ఏహెచ్ అని అర్థం, పైన ఏం రాసి ఉన్నా సరే. అమ్మేవాడు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే అక్కడితో మాట ఆపేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు రాస్తున్నాం. ఆపేసిన ఎలక్ట్రిక్ స్కూటర్లలో, లాప్‌టాప్‌లలో తీసిన గొట్టం సెల్‌లను పేర్చి, నీలం రంగు ప్లాస్టిక్ తొడుగు వేసి ‘పన్నెండు వోల్టుల లిథియం’ అని అమ్మే ప్యాకులు మన బజార్లలోకి వచ్చాయి. చెరువుల దగ్గర లైట్లకు, స్ప్రేయర్లకు వాడుకునే సరుకు అది. ధర తక్కువ, చూడ్డానికి చిన్నగా ఉంటుంది, బరువు కిలో ఉండదు. డ్రాగ్ కారుకు బ్రహ్మాండంగా సరిపోతుందనిపిస్తుంది. దాన్ని కారులో పెట్టకూడదు.

ఎందుకంటే ఆ సెల్‌లు ఐరన్ ఫాస్ఫేట్ కావు, ఎక్కువగా నికెల్ లేదా కోబాల్టు కలిసిన లిథియం రకం. ఒక్కో సెల్ మామూలుగా 3.6, 3.7 వోల్టులు, నిండితే 4.2, అది దాటకూడదు. పన్నెండు వోల్టుల కోసం మూడు సెల్‌లు వరసగా కడతారు, అంటే ప్యాకు హద్దు 12.6. కారు డైనమో మామూలుగా పంపేది 14 నుంచి 14.4 వోల్టులు. 14.4ను మూడుతో భాగిస్తే ఒక్కో సెల్‌కు 4.8. ఆ వోల్టేజీ దగ్గర సెల్ లోపలి పదార్థం విచ్ఛిన్నమై వేడి పుట్టి, ఆ వేడికి ఇంకా వేడి పుట్టి, నిప్పులు చిమ్ముతుంది. పక్కది అంటుకుంటుంది. లోపల రక్షణ బోర్డు ఉంటే కొంతకాలం ఆపుతుంది. చవక ప్యాకుల్లో ఆ బోర్డు 20, 30 ఆంపియర్లదే, సెల్ఫ్ తిప్పేటప్పుడు అడ్డొస్తోందని దాన్ని తీసి నేరుగా కలిపేసినవాటిని చూశాం.

గుర్తుపట్టడం తేలికే. అమ్మేవాడు నిండుగా ఉందన్న ప్యాకు కొనల మీద మీటరు పెట్టండి. 12.6 లోపు చూపిస్తే అది మూడు సెల్‌ల నికెల్ ప్యాకు, వద్దు. దురదృష్టం ఏమిటంటే నిండిన యాసిడ్ బ్యాటరీ కూడా సరిగ్గా అదే అంకె చూపిస్తుంది కాబట్టి కొనేవాడు తృప్తిపడి తెచ్చుకుంటాడు. నిండి, కాసేపు ఊరికే ఉన్న నాలుగు సెల్‌ల ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకు 13.3 చుట్టూ చూపిస్తుంది. 16 దాటి చూపిస్తే అది నాలుగు నికెల్ సెల్‌లది. డైనమో దాన్ని ఎప్పుడూ నింపదు, పైగా ఆ 16 వోల్టులు మీ ఈసీయూ మీద, లైట్ల మీద పడతాయి. అదీ వద్దు.

ఐరన్ ఫాస్ఫేట్ పదార్థం సంగతి 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం ప్రచురించింది, ఆ పత్రంలో మొదటి పేరు అక్షయ పాఢి అనే భారతీయుడిది. దాని విశేషం బరువులో కాదు, నిలకడలో. అందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా కట్టుబడి ఉంటుంది, వేడికి సులువుగా విడిపోయి మంటకు తోడుకాదు. నికెల్ సెల్ కంటే కిలోకు తక్కువ శక్తి నిలవుంచినా కారుకు మేం దాన్నే ఒప్పుకోవడానికి కారణం అదే. నాలుగు సెల్‌లు, ఒక్కోటి 3.65 హద్దు, మొత్తం 14.6. మన డైనమోకు సరిగ్గా అతికే లెక్క.

అతికినా నాలుగు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది, ఇంజను 2000 తిరుగుళ్ల మీద ఉంచి బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి, 13.8కీ 14.4కీ మధ్య ఉండాలి. 14.6 దాటితే ముందు రెగ్యులేటరు బాగు చేయించండి. కొత్త కార్లలో, ముఖ్యంగా సిగ్నలు దగ్గర తనంతట ఆగి స్టార్టయ్యే వాటిలో, డైనమోను కంప్యూటరు నడిపిస్తుంది. బ్రేకు వేసినప్పుడు 15 దాకా కూడా పంపుతుంది, నెగెటివ్ కొన మీద సెన్సారు యాసిడ్ బ్యాటరీ లెక్కనే చదువుతుంది. వాటిలో ఈ మార్పు చేయకండి. రెండోది, పూర్తిగా దిగిపోయిన లిథియం ప్యాకును వేరే బండి నుంచి వైరు పెట్టి స్టార్టు చేసి డైనమోతో నింపే అలవాటు మానుకోండి. దాని లోపలి నిరోధం చాలా తక్కువ, దొరికినంత కరెంటూ లాగేస్తుంది. 70 ఆంపియర్ల డైనమో 10 ఏహెచ్ ప్యాకులోకి తోస్తే దాని సత్తువకు ఏడు రెట్లు, ప్యాకు ఉబ్బుతుంది లేదా డైనమో డయోడ్లు కాలతాయి. ముందు ఐరన్ ఫాస్ఫేట్ చార్జరుతో నింపండి. ఆ చార్జరు వేరే, యాసిడ్ బ్యాటరీల పలకల మీద పేరుకునే సల్ఫేషను తీసే పద్ధతిలో 15 వోల్టుల పైన పోట్లు పొడిచే చార్జరు దీనికి విషం. మూడోది, సెల్ ఏదైనా హద్దు దాటితే లోపలి బీఎంఎస్ (పైన చెప్పిన రక్షణ బోర్డే) బ్యాటరీని ఉన్నట్టుండి తెంపేస్తుంది. ఇంజను పరుగులో ఉండగా అలా తెగితే డైనమో కరెంటు పోయే దారి లేక వోల్టేజీ ఎగిరిపడుతుంది, ఈసీయూ బలైపోతుంది. బీఎంఎస్ మీ సెల్ఫ్ ఆంపియర్లను మోయగలదా అని కొనేముందే కాగితం మీద చూసుకోండి. నాలుగోది, సెల్‌ల మధ్య తేడా. విడివిడిగా కొలిచే తీగలు ఉన్న ప్యాకు అయితే నిండా చార్జయ్యాక నాలుగింటి మధ్య 0.05 వోల్టు లోపే తేడా ఉండాలి.

మంచు దేశాల్లో ఈ బ్యాటరీలు చలికి బిగుసుకుపోతాయని రాస్తారు. మనకు చలి బెడద లేదు, వేడే బెడద. మే నెలలో రాజమండ్రి ఎండకు నిలబెట్టిన కారు బానెట్ కింద, పరుగు అయిపోయి ఫ్యాను ఆగాక, వేడి 60 డిగ్రీలు దాటడం వింత కాదు. ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకులకు తయారీదారులు సాధారణంగా పెట్టే పై హద్దు అదే. యాసిడ్ బ్యాటరీకి కూడా ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందంటారు. సైలెన్సరు మానిఫోల్డు పక్కన, రేడియేటరు వెనక పెట్టకండి. పెట్టకతప్పకపోతే మధ్య అల్యూమినియం రేకు అడ్డం పెట్టి, పరుగు కాగానే బానెట్ ఎత్తండి.

ఎక్కడ పెట్టాలన్నది బండిని బట్టి. అమెరికా బొమ్మలు చూసి బ్యాటరీని డిక్కీలోకి మారుస్తున్నారు. అక్కడి బళ్లకు వెనక చక్రాలు తోస్తాయి, ఇంజను తిప్పుడుకు వెనక కుడి చక్రం పైకి లేవబోతుంది కాబట్టి ఆ మూల బరువు పెడతారు. కొందరు బరువైన బ్యాటరీనే కావాలని అక్కడ పెడతారు. మన హ్యాచ్‌బ్యాక్‌లకు ముందు చక్రాలు లాగుతాయి. ముందు బరువు వెనక్కి మారిస్తే దూకేటప్పుడు టైరు తిరిగి పొగ తప్ప ఏమీ రాదు. పైగా వైరు బరువు కూడా లెక్కేయాలి. డిక్కీ నుంచి సెల్ఫ్ దాకా 5 మీటర్లు, 50 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తొడుగుతో కలిపి రెండున్నర కిలోలు ఉంటుంది. ప్యాకు బరువు మళ్లీ వచ్చి చేరినట్టే. దాన్ని తగ్గిద్దామని 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 150 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు దారిలోనే పోతుంది, 50దాంట్లో 0.26 పోతుంది. కారు ఆడియో షాపుల్లో దొరికే లావుపాటి చవక వైరు చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. కోసి చూస్తే మధ్యలో తెల్లగా ఉంటుంది, నష్టం ఇంకో సగం ఎక్కువ. ముందు చక్రాల బండికి మా సలహా, బ్యాటరీ ముందే ఉండనివ్వండి, చిన్నదాన్ని వేడికి దూరంగా జరపండి, అంతే.

వెనక్కి మార్చక తప్పని వెనక చక్రాల బళ్లకు అమెరికాలో డ్రాగ్ పోటీలు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనలు చదవదగ్గవి. బ్యాటరీని కనీసం రెండు 3/8 అంగుళాల బోల్టులతో, అంటే దాదాపు 10 మిల్లీమీటర్లవి, బిగించాలి. లోహపు పట్టీ తప్పనిసరి, టేపు చుట్టడం ఒప్పుకోరు. డ్రైవరుకూ బ్యాటరీకీ మధ్య రేకు గోడ గానీ, గాలి బయటికి పోయే మూసిన పెట్టె గానీ ఉండాలి. బండి వెనక భాగంలో, బయటి నుంచి తోస్తే ఆగిపోయే కటాఫ్ స్విచ్ ఉండాలి. ఆ స్విచ్ నొక్కితే ఇంజను కూడా ఆగాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. డైనమో వైరును స్విచ్‌కు ఇంజను వైపు కలిపితే బ్యాటరీ తెగినా డైనమో ఇంజనును నడిపిస్తూనే ఉంటుంది. డైనమో వైరును ఫ్యూజుతో స్విచ్‌కు బ్యాటరీ వైపు కలపాలి. బిగించాక ఇంజను నడుస్తుండగా నొక్కి చూడండి. మన దేశంలో మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతితో జరిగే పోటీలకు నిర్వాహకులు అనుబంధ నిబంధనలు ఇస్తారు, బ్యాటరీ చోటు, కనీస బరువు అందులో చూసుకుని ఆ తర్వాతే డబ్బు ఖర్చుపెట్టండి. మీ తరగతికి కనీస బరువు ఉండి మీ కారు ఇప్పటికే అక్కడుంటే ఈ ఉత్తరమే మీకు అక్కర్లేదు.

వైరు కొనలకు పెట్టే లగ్గులు హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కించండి. సోల్డరు మాత్రమే పోస్తే సెల్ఫ్ వేడికి మెత్తబడుతుంది. మాకు రోజూ కనిపించేది ఎర్తు జబ్బు. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఎర్తు బోల్టు కింద తుప్పు కనిపించకుండా పెరుగుతుంది. బ్యాటరీ కొత్తదైనా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. బాడీకీ ఇంజనుకూ మధ్య జడ తీగ విప్పి, రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించి, బిగించాక పైన వాజలైన్ రాయండి. బిగించే ముందు మధ్యలో గ్రీజు పూయకండి. వరద నీటిలో గానీ చెరువు ఉప్పునీటిలో గానీ మునిగిన లిథియం ప్యాకును ఎండబెట్టి చార్జి పెట్టే ప్రయత్నం చేయొద్దు, ఉప్పు లోపలి బోర్డు మీద దారి వేసి రోజుల తర్వాత కూడా వేడెక్కిస్తుంది. ప్యాకు నుంచి పొగ వస్తే బండి నుంచి దూరం జరగండి, ఆ వాయువు విషం, మండుతుంది కూడా. పొడి సిలిండరు మంటను ఆర్పుతుంది గానీ సెల్ వేడిని ఆపదు, ధారాళంగా నీళ్లు పోసి చల్లబరచాల్సిందే. దగ్గర పని అగ్నిమాపక సిబ్బందికి వదిలేయండి.

రోడ్డు మీద నడిపే కారుకు ఇవేవీ పెట్టకండని మేం మా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతున్నాం. సంక్రాంతికి ఊళ్లకు వచ్చే కార్లతో జొన్నాడ, రావులపాలెం మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట పందేలు వేసేవాళ్లకు ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద అది నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి ఏడాది దాకా, 10,000 దాకా. చట్టం సంగతి సరే, కొబ్బరి లారీలు, పాలవాళ్ల మోటారు సైకిళ్లు తిరిగే రోడ్డు అది. ఆ పని కోసం బ్యాటరీ మార్చమంటే మేం మార్చం.

చివరగా పాత ప్యాకుల సంగతి. యాసిడ్ బ్యాటరీకి సీసం ధర ఉంది కాబట్టి కొత్తది కొనేటప్పుడు షాపువాడే పాతది తీసుకుంటాడు. లిథియం పాత ప్యాకు ఎవరూ అడగరు. అందుకే అవి కాలవ గట్ల మీద చెత్తకుప్పల్లో, పాత ఇనుము మూటల్లో కనిపిస్తున్నాయి. అలా పడేసినవి ఒకదానిమీదొకటి పడి నలిగితే అంటుకుంటాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం లిథియం సహా అన్ని బ్యాటరీలకూ వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది, మామూలు చెత్తలో కలపకుండా అప్పగించే బాధ్యత వాడినవాళ్లది. రెండు కొనలకూ టేపు చుట్టి, ఉబ్బినదైతే ఇసుక పోసిన ఇనప డబ్బాలో పెట్టి ఇంటి బయట ఉంచి, అమ్మిన చోట అప్పగించండి. ఉభయ గోదావరి, కోనసీమ, కాకినాడ జిల్లాల్లో ఏ ఊళ్లో ఏ షాపు వీటిని తీసుకుంటోందో మీ పత్రిక ఒక జాబితా వేస్తే చాలామందికి పనికొస్తుంది. మాకు తెలిసిన షాపుల వివరాలు అడిగితే పంపుతాం.

ఇట్లు,
ఆటో ఎలక్ట్రికల్ పనివాళ్లం,
భీమవరం, పాలకొల్లు, రావులపాలెం